జిప్పు లేని ఎర్ర గౌను

నాన్న సమాధి మీద మంచు ఇంకా కరగనే లేదు, అమ్మ నన్ను డాన్సు గౌను కుట్టిపెట్టమంది.

ఏప్రిల్ నెల. వంటింట్లో రై రొట్టె కోస్తున్నాను. కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళకి రెండు రకాల మందులు రాస్తుంది. జనవరిలో నాన్నను సాగనంపిన రోజు కంట తడి పెట్టకుండా, వచ్చినవాళ్ళందరికీ కాఫీ పోస్తూ నిలబడిన మనిషి. అలాంటిది ఏలకుల బన్ను కాఫీలో ముంచుకుంటూ, కొట్టు నుంచి పాలు తెమ్మన్నంత తేలిగ్గా ఈ మాట అంది.

"ఏం గౌనూ?" అన్నాను.

"తిరిగితే గొడుగులా విచ్చుకోవాలి కిర్సీ. సాగే గుడ్డతో కుట్టు, బనీను గుడ్డలాంటిది. తల మీంచి తొడుక్కునేలా ఉండాలి. జిప్పు మాత్రం పెట్టకు. వీపు మీద జిప్పు లాగే మనిషి లేడిప్పుడు."

ఆ ఆఖరి మాటకి కత్తి బల్ల మీద పెట్టేశాను. అయినా ఉండబట్టలేక అడిగాను. "వేసుకుని ఎక్కడికెళ్తావు?"

"చెప్పాగా, డాన్సుకి. మే నెలాఖరుకి సరస్సుల ఒడ్డున మంటపాలు తెరుస్తారు. నువ్వే కారులో తీసుకెళ్ళాలి. నాకు నడపడం రాదుగా."

"జనం ఏమనుకుంటారమ్మా?"

"అనుకోనీ. అనుకోడానికి టిక్కెట్టేం లేదుగా."

ఫిన్లాండులో డాన్సు మంటపం లేని సరస్సు ఉండదంటారు. డాన్సు పాపమనుకునే ఇళ్ళు కూడా అంత గట్టిగానూ ఉన్నాయి, మాది అందులో ఒకటి. మా నాన్న వైనో ప్రతి ఆదివారం ప్రార్థన మందిరం తలుపు తీసి పొయ్యి రాజేసే మనిషి. మా నాన్నమ్మ ఉన్నన్నాళ్ళూ రేడియోలో టాంగో డాన్సు పాట మొదలైతే చాలు, మీట నొక్కి నోరు మూయించేది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయినా గోడ మీది ఫొటోలోంచి మమ్మల్ని కనిపెట్టుకునే ఉంది. ముంగిటికి అవతల నాన్న అక్క, లెంపి అత్త ఇల్లు. ఆవిడ వంటింటి కిటికీ సరిగ్గా మా వసారాకి ఎదురు. ఆవిడ కంటబడకుండా మా ఇంట్లోకి పిల్లి కూడా రాలేదు.

అలాంటి ఇంట్లో అమ్మకి డాన్సేమిటి? నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తాళానికి కాలు కదపడమైనా చూడలేదు. అమ్మానాన్నలకి ఉన్న సరదా అంతా ఒక్కటే, చేపలు. వేసవి వస్తే ప్రతి శనివారం సాయంత్రం వలలు కారు డిక్కీలో పడేసుకుని దూరంగా ఏదో సరస్సుకి వెళ్ళేవాళ్ళు. ఆ రాత్రికి లెంపి అత్త వచ్చి నాకు తోడు పడుకునేది. ఆదివారం పొద్దున్న లేచేసరికి బల్ల మీద వార్తాపత్రికలో చుట్టిన పొగచేపలు ఉండేవి. నాన్న ఒడ్డునే కట్టెలు రాజేసి పొగబెట్టేవాడట. తోలు బంగారం రంగులో మెరిసేది, వేలితో తాకితే ఊడి వచ్చేది. నాన్నమ్మ వాటా, అత్త వాటా తీశాకే నాకు. నా పెళ్ళి పెటాకులై, నాన్నకి జబ్బు చేసినప్పుడు నేను ఈ ఇంటికే తిరిగొచ్చేదాకా కూడా వాళ్ళ శనివారాలు అలాగే సాగాయి.

లైబ్రరీ నుంచి కుట్టుపని పత్రిక అప్పటికే తెచ్చి పెట్టుకుంది అమ్మ. పట్నంలో గుడ్డల కొట్టుకి తీసుకెళ్ళాను. ముదురు నీలం తాను ఒకటి లాగి చూపించాను.

"ఇది తీసుకుందామమ్మా. నీ వయసుకి బాగుంటుంది."

"నా వయసుకి శవపేటిక కూడా బాగుంటుంది," అంది అమ్మ. "ఎరుపు కావాలి. అదిగో, ఆ పైన ఉన్నది. దూరం నుంచి కనపడాలి."

"ఎవరికి కనపడాలి?"

అమ్మ చెవి తమ్మెలు ఆ గుడ్డ రంగులోకి తిరిగాయి. ఎవరో ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మకి, ప్రార్థన మందిరం వైనో పెళ్ళానికి, ఎవరో ఉన్నారు.

తిరుగు దారిలో ఇక ఆగలేకపోయాను. "ఎవరమ్మా ఆ మనిషి?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఆ మనిషికే."

కారు కాస్తలో గోతిలోకి పోయేది. పక్కకి తీసి ఆపేశాను. "నాన్న ఉండగానేనా ఇదంతా?"

"మీ నాన్నకి తెలియకుండా నేనేదీ చెయ్యలేదు," అంది అమ్మ, ఒళ్ళోని గుడ్డల సంచీ మీద రెండు చేతులూ వేసుకుని. "నన్ను కుళ్ళబొడవకు కిర్సీ. నేను చెప్పను. కుట్టి తీసుకెళ్ళు. నువ్వే చూద్దువుగాని."

తెలుసట! మా నాన్నకి తెలుసట! తెలిసీ నలభై ఏళ్ళు మందిరం పొయ్యి రాజేశాడా? ఆ మనిషి మొహం ఒక్కసారి చూసి, నాలుగు కడిగి పారేద్దామన్న పంతం మీదే కుట్టడానికి కూర్చున్నాను తప్ప అమ్మ మీద ప్రేమతో కాదు.

ఆ పత్రికలో వచ్చే నమూనా కాగితం బల్లంత ఉంటుంది. పదిరకాల బట్టలు, ప్రతిదానికీ అన్ని సైజులు, ఎర్రగీతలూ నీలిగీతలూ ఒకదాని మీదుగా ఒకటి పాకుతూ పోతాయి. పైన పల్చటి కాగితం పరిచి, మన గీత ఏదో పట్టుకుని దాని వెంటే పోవాలి. చెయ్యి జారితే గౌను చెయ్యి కాస్తా ఎవరిదో లాగు కాలవుతుంది. కుట్టుకి వదిలే అంచు కూడా అందులో ఉండదు, మనమే కలుపుకోవాలి. పైభాగం ఒంటికి అతుక్కుని ఉంటుంది. నడుం కిందది అంబ్రెల్లా కటింగు, పూర్తి చక్రం. స్కూలు వంటింట్లో పని చేసుకునేదాన్ని, నేను కుట్టేవి ఏప్రాన్లూ తెరలూ. సాగే గుడ్డకి జిగ్‌జాగ్ కుట్టు వెయ్యాలని తెలిసి కూడా ఒళ్ళు మంటలో తిన్నగా కొట్టుకుంటూ పోయాను.

అంచు మడవక ముందే ఒకసారి వేసి చూడమన్నాను. అమ్మ తల మీంచి తొడుక్కుంది. మోకాళ్ళ దాకా ఎర్రగా జారింది. వంటింట్లో కుర్చీని కాలితో పక్కకి తోసింది. ఎడమచెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టు గాలిలో పెట్టింది. తిరిగింది.

ఒక చుట్టు కాదు. తిరుగుతూనే పోయింది. రెండు మందుల మోకాళ్ళు ఏమయ్యాయో! గౌను లేచి, విచ్చుకుని, అంచు తగిలి బల్ల మీది చెంచా ఎగిరి పడింది. ఆగినప్పుడు అమ్మ ఇంత కూడా తూలలేదు. గడ్డం ఎత్తి, ఊపిరైనా మారకుండా నిలబడింది. అప్పుడే నడుం దగ్గర టప్‌మని దారం తెగింది.

"తిన్న కుట్టు వేశావు," అంది అమ్మ చిరుగులో వేలు పెట్టి చూసుకుంటూ. "విప్పి జిగ్‌జాగ్ వెయ్యి. తిరిగేటప్పుడు నడుమే సాగేది."

"ఇలా తిరగడం ఎక్కడ నేర్చుకున్నావు నువ్వు?"

"కాళ్ళు నేర్చుకున్నాయి. నన్నడిగితే?"

ఇది ఒక వేసవి సరదా కాదు. ఇలా తిరగాలంటే ఏళ్ళు పట్టాలి. నేను ఎరిగిన అమ్మ ఒకరు, ఈ వంటింట్లో తిరిగినావిడ ఇంకొకరు.

చక్రంలా కోసిన సాగే గుడ్డ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగుతుంది. అందుకని అంచు మడిచే ముందు దాన్ని కొన్నాళ్ళు వేలాడదీయాలి. దిగాల్సిందంతా దిగాక, అప్పుడు సమంగా కత్తిరించి కుట్టాలి. ఇంట్లో అంత ఎత్తు వసారా దూలానికే ఉంది. సాయంత్రం తగిలించాను. పొద్దున్నే రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ లెంపి అత్త దిగింది.

"ఎవరే దూలానికి ఉరేసుకున్నది?"

"గౌను అత్తా. వేలాడితే గానీ అంచు సమంగా దిగదు."

"దాని అంచు సంగతి తర్వాత. మా తమ్ముడి పరువు దిగిపోతోంది ముందు! మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు, ఇంటి ముందు ఎర్ర జెండా! తియ్యి దాన్ని."

లోపలి నుంచి అమ్మ గొంతు వచ్చింది. "కిటికీకి తెర వేసుకో వదినా. కావాలంటే కిర్సి కుట్టిపెడుతుంది."

"తెర వేసుకోవాల్సింది నేనా హెల్వీ? ఎవరి కోసమే ఈ వయసులో ఈ వేషం?"

మాటకి మాట అప్పజెప్పే అమ్మ, ఆ ఒక్క ప్రశ్నకి నోరు మెదపలేదు. అది నన్ను అత్త తిట్ల కన్నా ఎక్కువ భయపెట్టింది. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. కుర్చీ ఎక్కి గౌను దింపేశాను. ఒక్క రాత్రి వేలాడింది చాల్లే అనుకుని అదే రోజు అంచు మడిచి కుట్టేశాను.

మే ఆఖరి శనివారం. అమ్మ గౌను వేసుకుని, పైన నాన్న పాత వానకోటు బొత్తాలన్నీ పెట్టుకుని కారెక్కింది. డిక్కీలో వలలు పెట్టమంది.

"వలలెందుకమ్మా ఇప్పుడు?"

"పెట్టమంటే పెట్టవే. అత్త కిటికీ దగ్గరే ఉంది."

గంటకు పైగా నడిపాను. దారి ఎక్కడ తిరగాలో అమ్మ చూపుడు వేలితో చెబుతూ వచ్చింది. ఒక్కచోట కూడా తడబడలేదు. పొద్దు ఇంకా చెట్ల పైనే ఉంది, మా వైపు వేసవిలో అది అర్ధరాత్రి దాకా దిగనే దిగదు. భోజపత్రం చెట్ల మధ్య సరస్సు, ఒడ్డున గుండ్రటి చెక్క మంటపం, చుట్టూ తలుపులు తీసి ఉన్నాయి. లోపల వాద్యగాళ్ళు అకార్డియన్ సవరించుకుంటున్నారు. కార్లన్నీ వరసగా నిండిపోయాయి. మంటపానికి ఎదురుగా ముందు వరసలో మాత్రం ఒక్క చోటు ఖాళీ, అందులో అడ్డంగా ఒక చెక్క పెట్టె.

ఏప్రాను కట్టుకున్న ముసలాయన ఒకడు మా కారు చూసి చెయ్యూపుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా పొగవాసన. వీడే! కడిగి పారెయ్యడానికి మాటలు కూడదీసుకున్నాను.

"హెల్వీ! రావేమో అనుకున్నాను. ఇదేమిటి, కొత్త డ్రైవరు? వైనో ఏడీ? నడుం పట్టేసిందా?"

ఈయనకి నాన్న తెలుసా!

"వైనో జనవరిలో పోయాడు ఉర్హో," అంది అమ్మ.

ఆయన టోపీ తీశాడు. తర్వాత వెళ్ళి ఆ చెక్క పెట్టె పక్కకి లాగేశాడు. "అయినా ఆయన చోటు ఆయనదే. రా అమ్మాయ్, ముందుకి పెట్టు." కారు ఆగాక కిటికీలోకి వంగాడు. "చేపలు ఎప్పట్లాగే ఆరేనా? చల్లారక ముందే కట్టించి ఉంచుతాను."

అతని వెనకాల చిన్న కొట్టు. దాని పక్కన ఇనుప పెట్టెలోంచి పొగ. పైన బల్ల మీద వరసగా పరిచిన చేపలు, బంగారం రంగు తోలు. పక్కన వార్తాపత్రికల కట్ట.

"కొనుక్కొచ్చేవాళ్ళా?" అన్నాను. "నా చిన్నతనమంతా నేను తిన్నవి కొన్న చేపలా?"

"మరి పట్టడానికి తీరికేదే?" అంది అమ్మ వానకోటు బొత్తాలు విప్పుకుంటూ. "చెప్పొద్దని మీ నాన్న మాట తీసుకున్నాడు. నేను చెప్పలేదు. నువ్వే చూశావు."

"నాన్న డాన్సు చేసేవాడా?"

"ఛ! పెళ్ళికి ఒప్పుకునేటప్పుడు మీ నాన్నమ్మ ఆయన చేత ఒట్టు వేయించుకుంది, డాన్సు మంటపం చెక్క మీద కాలు పెట్టనని. ఆయన పెట్టలేదు. మాటంటే మాటే ఆయనకి. నా కాళ్ళ సంగతి ఆవిడ అడగలేదు."

"మరి ఆయన?"

"ఇక్కడే కూర్చునేవాడు. ఇప్పుడు నువ్వు కూర్చున్నచోటే." అమ్మ స్టీరింగు అంచు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. "నా గౌను వలల కింద దాచుకొచ్చేవాళ్ళం. ఇందులోనే మార్చుకుని వీపు తిప్పితే జిప్పు లాగేవాడు. ఆ తలుపుల్లోంచి చూస్తూ ఉండేవాడు. కళ్ళు మందగించాక ఎరుపైతే గానీ కనపడలేదు. పాత ఎరుపు చిరిగిపోయింది. కొత్తది కుట్టించుకో, మానకు అన్నాడు ఆసుపత్రిలో. ఇప్పుడు చూసేవాళ్ళు లేరనుకో. కానీ అలవాటు పోదుగా."

అద్దంలో జుట్టు సవరించుకుంది. "నువ్వు లోపలికి రాకు. మీ నాన్నమ్మ ఫొటో నిన్ను బతకనివ్వదు," అని నవ్వి దిగిపోయింది.

మంటపంలో ఆడవాళ్ళంతా ఒక గోడకి, మగవాళ్ళంతా ఎదుటి గోడకి. పాట మొదలవగానే మగవాళ్ళు దాటి వచ్చి చెయ్యి చాచారు. అమ్మ పక్కనున్న వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే నిలబడింది, గడ్డం ఎత్తుకుని. ఇంతదూరం వచ్చి, ఇంత కుట్టించుకుని, ఎవడూ రాకపోతే? పొద్దున్న ఆవిడ మీద కత్తులు నూరినదాన్ని, ఇప్పుడు ఎవరో ఒకరు రండ్రా అని కారులో కూర్చుని పళ్ళు కొరుక్కుంటున్నాను. చివరికి బట్టతలాయన ఒకడు నిదానంగా దాటి వచ్చి, తల వంచాడు.

ఒక తలుపులోంచి ఎరుపు వచ్చింది, పోయింది. మరో తలుపులో వచ్చింది. టాంగో, ఆ పైన ఇంకోటి. ఆనవాయితీ ప్రకారం రెండు పాటలు కాగానే ఆయన అమ్మని ఆవిడ చోటులో దింపాడు. అమ్మ ఊపిరి పీల్చుకునే లోపే ఇంకొకాయన. గిరగిరా తిరిగే వాల్ట్జ్ వచ్చినప్పుడు గౌను పూర్తిగా విచ్చుకుంది. నడుం దగ్గర జిగ్‌జాగ్ గట్టిగా పట్టుకుంది. కారుకి ఎదురుగా ఉన్న తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అమ్మ ఎడమచెయ్యి పక్కవాడి భుజం మీంచి ఒక్క క్షణం లేచేది. మళ్ళీ భుజం మీద పడేది. ఆ చెయ్యి నా కోసం కాదని నాకు తెలుసు. అయినా నేనూ చెయ్యెత్తాను.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఇద్దరూ కలిసి నన్నెంత వెర్రిదాన్ని చేశారు! "మా నాన్న పట్టాడు" అని స్కూల్లో ఎంతమందికి గొప్పలు చెప్పుకున్నానో!

అమ్మ తిరిగొచ్చి సీట్లో కూలబడి చెప్పులు విప్పేసింది. "చూశావా?"

"చూశానమ్మా. అన్నీ చూశాను."

"మీ నాన్నే నయం. మూడో పాటకే గుర్రు పెట్టేవాడు. లేచి, బాగా ఆడావు హెల్వీ అనేవాడు." కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఇంటికి చేరేదాకా అటే తిప్పి ఉంచింది. జనవరిలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మర్నాడు పొద్దున్న పత్రికలో రెండు చేపలు చుట్టి లెంపి అత్తకి ఇచ్చి రమ్మంది అమ్మ. ముంగిలి దాటి వెళ్ళాను. అత్త పొట్లం విప్పింది, వాసన చూసింది, తోలు వలిచి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"వైనో పట్టిన రుచే," అంది.

"నాన్న వలలే వేశాం అత్తా," అన్నాను. అబద్ధం నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో, నాకే ఆశ్చర్యం వేసింది.

అత్త వేళ్ళు తుడుచుకుంది. "వల వేస్తే మర్నాడు కంచె మీద ఆరేస్తారు. లేకపోతే కుళ్ళిపోతుంది. నలభై ఏళ్ళుగా ఈ కిటికీలోంచి చూస్తున్నాను, మీ కంచె మీద వల ఆరడం ఒక్కనాడైనా చూశానా? తడవని వలలో చేపలు పడతాయటే, అవీ ఉప్పేసి, పొగబెట్టి, పేపరు చుట్టుకుని?"

"నీకు తెలుసా?"

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదా? మా అమ్మకీ తెలుసు. ప్రతి ఆదివారం నన్నడిగేది, వాడు చెక్క మీద కాలు పెట్టలేదుగా అని. వాడు మాట తప్పే మనిషా, పెట్టి ఉండడమ్మా అనేదాన్ని. అయితే ఇంకో ముక్క వెయ్యి అనేది."

నాన్నమ్మ! గోడ మీది ఫొటోలోని నాన్నమ్మ! అత్త కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మరి వసారాలో ఆ రోజు అంత గోల చేశావు?"

"అరవకపోతే నాకు తెలుసని మీ అమ్మకి తెలిసిపోదూ?" అత్త ఇంకో ముక్క తీసుకుంది. నమిలింది. కిటికీలోంచి మా వసారా వైపు చూసింది. "నిన్న కారెక్కేటప్పుడు చూశాను. వానకోటు కింద గౌను అంచు ఎడమపక్క వేలెడు దిగింది. ఒక్క రాత్రికే దింపేస్తే మరి దిగదూ? వచ్చే శనివారం లోపల విప్పి సరిగ్గా కుట్టు. మా తమ్ముడి పెళ్ళాం అంత మందిలో అలా తిరిగితే మన పరువేం కాను!"